తాళాలు ఇచ్చే ముందు

ఇల్లు మారడం మా కుటుంబమునకు కొత్త కాదు. పద్దెనిమిది సంవత్సరముల సేవలో ఆరు ఊళ్ళు తిరిగాము, తొమ్మిది ఇళ్ళు మారాము. సంఘమునకు పాస్టరు నివాసము ఉన్న ఊళ్ళో ఈ బాధ లేదు. లేని ఊళ్ళో అద్దె ఇల్లు వెదకవలసిందే. గనుక సామాను కట్టడంలోను విప్పడంలోను మా ఇంట్లో అందరూ ఆరితేరిపోయారు. ఏ అట్టపెట్టెలో ఏముందో మా అమ్మాయి విప్పకుండానే చెప్పగలదు. అయితే ఇన్ని ఇళ్ళు మారినా ఒక్క సంగతి నేర్చుకోవడానికి మాత్రము మాకు చాలా కాలము పట్టింది.

నాలుగవ ఇల్లు ఖాళీ చేసిన దినము మాకు బాగా గుర్తున్నది. అది 2016వ సంవత్సరము. ఆ ఇంటి యజమాని రిటైరైన స్కూలు మేష్టారు. నాలుగేండ్లలో ఒక్కసారే అద్దె పెంచారు, అదీ మొగమాటపడుతూ. ఉదయము పది గంటలకు లారీ వచ్చింది. హమాలీలకు మధ్యాహ్నము ఇంకొక బేరము ఉన్నదట, ఒకటే తొందర. సామానంతా ఎక్కిన తరువాత మేష్టారు వచ్చి, చెప్పులు గుమ్మము బయట విడిచి, గదులన్నీ చూసుకుంటూ వంటింట్లోకి వెళ్ళారు. వంటగట్టు మీద పరచిన కడప బండ అడ్డముగా పగిలి ఉన్నది.

“ఇది ఎప్పుడు పగిలిందండీ అయ్యగారూ?” అని అడిగారు.

“మేము వచ్చేసరికే ఉందండీ మేష్టారూ” అన్నాము. అబద్ధమాడాలని కాదు. మాకు నిజముగా అలాగే గుర్తు. మా ఇంటావిడ కూడా అదే చెప్పింది.

ఆయన ఆ బండ మీద చేత్తో రాసి చూశారు. “నాకు తెలిసి బాగానే ఉండాలి మరి” అన్నారు. కాసేపు అలాగే నిలబడి, ఇంటికి వెళ్ళి, అడ్వాన్సు తొమ్మిది వేలు పైసా తగ్గించకుండా తెచ్చి మా చేతిలో పెట్టి లెక్క చూసుకోమన్నారు. ఆయన ముఖములో కోపము లేదు. ఉన్నా బాగుండేది. నాలుగేండ్లు ఒకరి ఇంటి కూర ఒకరు తిన్నవాళ్ళము, ఆ దినము లారీ కదిలేటప్పుడు ఒకరి ముఖము ఒకరు చూసుకోలేకపోయాము. ఆ బండ సంగతి తరువాత చెబుతాము.

మన పల్లె కుటుంబములకు ఈ అద్దె గొడవలెందుకు అని కొందరు అనుకోవచ్చు. సొంత పాకో, పెంకుటిల్లో, కాలనీ ఇల్లో ఉన్నది గదా అనుకోవచ్చు. కాని మన సంఘములలో చూడండి. ఇంటర్మీడియట్ చదివే పిల్లవాని కొరకు తల్లి టౌనులో ఒక గది తీసుకొని రెండేండ్లు ఉంటుంది. రొయ్యల కంపెనీలో పనికి, బట్టల కొట్టులో పనికి వెళ్ళినవాళ్ళు నలుగురు కలిసి ఒక పోర్షను తీసుకుంటారు. హైదరాబాదులోను బెంగుళూరులోను ఉద్యోగము దొరికిన పిల్లలకు మొదటి అద్దె అడ్వాన్సు కట్టేది ఊళ్ళో ఉన్న తండ్రే. బెంగుళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం చాలా కాలముగా ఉన్న అలవాటు. ఆ డబ్బు ఒక పంట డబ్బు. మరొక వైపున, భర్త పోయిన సహోదరి వెనక రెండు గదులు వేయించుకొని, ఆ అద్దెతో మందులు కొనుక్కుంటుంది. అద్దెకు ఉండేవారు మనలోనే ఉన్నారు, అద్దెకు ఇచ్చేవారూ మనలోనే ఉన్నారు. గనుక ఈ వ్యాసము ఒక పక్షము వారి కొరకు వ్రాసినది కాదు.

ఒక సహోదరి ఇంటి ఫ్యాన్లు

మూడేండ్ల క్రితము ఒక సాయంత్రము మా సంఘములోని అలాంటి సహోదరి ఒకామె ఏడుస్తూ వచ్చింది. ఆమె పోర్షనులో ఏడాదిన్నర ఉన్న కుటుంబము పొద్దున్నే ఖాళీ చేసి, తాళాలు పక్కింటివాళ్ళకు ఇచ్చి వెళ్ళిపోయింది. ఈమె కూలికి పోయి ఉన్నది. తిరిగివచ్చి చూస్తే రెండు గదులలో ఒక్క ఫ్యానే ఉన్నది. బాత్రూము తలుపు అడుగున కుళ్ళి ఊడిపోయింది. “రెండు ఫ్యాన్లు ఉండాలి అయ్యగారూ, మా ఆయన బతికుండగా కొన్నవి” అన్నది. ఆమె చేతిలో వాళ్ళ అడ్వాన్సు ఆరు వేలు ఉన్నది. ఇవ్వనన్నది.

వాళ్ళకు ఫోను చేశాము. ఆ కుటుంబ యజమాని మర్యాదగానే మాట్లాడాడు. “మేము దిగినప్పుడు ముందుగదిలోనే ఫ్యాను ఉందండీ. లోపలి గదిలో కొక్కెము మాత్రమే ఉంటే మేము టేబుల్ ఫ్యాను కొనుక్కున్నాము. తలుపు అప్పటికే చెమ్మకు ఉబ్బిపోయి ఉంది. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి, ఆ ఆరు వేలు ఇప్పించండి అయ్యగారూ” అన్నాడు. ఇద్దరి మాటలోను నిజము ఉన్నట్లే వినబడింది.

ఆమె ఎక్కడినుండో ఒక ఫోటో వెదికి తెచ్చింది. ఆ ఇంట్లో జరిగిన కూడికలో తీసినది. రెండు గదుల మధ్య తలుపు తెరిచి ఉన్నది, రెండు ఫ్యాన్లూ కనబడుతున్నాయి. ఆమె సంతోషపడింది. కాని ఆ ఫోటో తీసినది ఆ కుటుంబము దిగడానికి మూడేండ్ల ముందు. మధ్యలో ఇంకొక కుటుంబము ఆ ఇంట్లో ఉండి వెళ్ళింది. ఫ్యాను ఎవరి కాలములో పోయిందో ఆ ఫోటో చెప్పలేదు. చివరకు మూడు వేలు ఇప్పించి, మూడు వేలు ఉంచి, ఆ గొడవ ముగించాము. దానిని న్యాయము అనడానికి మాకు నోరు రాలేదు. ఇద్దరిలో ఒకరికి మూడు వేలు నష్టము జరిగింది. ఎవరికో ఈనాటికీ మాకు తెలియదు. ఆమె పోర్షనుకు వెళ్ళినప్పుడల్లా మా కన్ను ముందు పైకప్పు మీదికే పోతుంది.

వెళ్ళే దినపు కాగితము వచ్చిన దినమే పుడుతుంది

మన దేశములో ఇళ్ళ అద్దె విషయములో మూలమైన చట్టము 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము. దానిలోని 108వ సెక్షను యజమాని బాధ్యతలను, అద్దెదారు బాధ్యతలను చెబుతుంది. ఒప్పందములో వేరుగా వ్రాసుకుంటే తప్ప, అద్దెదారు ఇల్లు స్వాధీనము చేసుకున్నప్పుడు అది ఎంత మంచి స్థితిలో ఉన్నదో, విడిచేటప్పుడు అంత మంచి స్థితిలో అప్పగించాలి. రెండు మినహాయింపులు ఉన్నాయి. మామూలు వాడకము వలన వచ్చే అరుగుదల ఒకటి, మనిషి ఆపలేని విపత్తు వలన కలిగిన నష్టము రెండవది. తుఫానుకు రేకులు ఎగిరిపోతే ఆ ఖర్చు అద్దెదారు మీద వేయడానికి వీలులేదు.

ఆ మాట జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఇల్లు బాగుండాలని మాత్రమే చట్టము అనలేదు. దిగినప్పుడు ఎలా ఉన్నదో అలా ఉండాలన్నది. మరి దిగినప్పుడు ఎలా ఉన్నదో ఎవరికి తెలుసు? మేష్టారికి ఒకలా గుర్తు, మాకు ఒకలా గుర్తు. ఖాళీ చేసే దినము ఎన్ని ఫోటోలు తీసినా, దిగిన దినపు కాగితము లేకపోతే, అది ఒక కాలు లేని నిచ్చెన. ఈ వ్యాసము చదువుచున్న మీరు ఇప్పటికే అద్దె ఇంట్లో ఉండి, దిగినప్పుడు ఏమీ వ్రాసుకోకపోతే, ఈ ఆదివారము మధ్యాహ్నమే యజమానిని పిలిచి ఇద్దరూ కలిసి ఇప్పటి స్థితి వ్రాసుకోండి. ఆలస్యమైనా, అసలు లేనిదానికంటె నయము.

పెద్ద దస్తావేజు అక్కరలేదు. నోటుబుక్కులో రెండు కాగితములు చాలు. వ్రాసే తీరు మాత్రము ముఖ్యము. “ఇల్లు బాగున్నది” అని వ్రాస్తే దేనికీ పనికిరాదు. మేము ఇప్పుడున్న ఇంట్లో దిగినప్పుడు వ్రాసినది ఇలా ఉన్నది: “ముందుగది. ఫ్యాను 1, తిరుగుచున్నది, ఒక రెక్క కొద్దిగా వంగి ఉన్నది. ట్యూబులైటు 1, వెలుగుచున్నది. స్విచ్చులు 6, వాటిలో కిటికీ పక్కది పనిచేయదు. కిటికీ రెక్కలు 4, ఒక అద్దము మూల చిట్లినది. తూర్పు గోడకు మేకుల రంధ్రములు 5. తలుపు పై గడియ ఉన్నది, కింది గడియ లేదు.” ఇలా గది గదికి వ్రాసి, కింద కరెంటు మీటరు రీడింగు, తాళంచెవులు ఎన్ని, తేదీ, ఇద్దరి సంతకములు, పక్కింటివారి సాక్షి సంతకము. జిరాక్సు తీసి చెరి ఒకటి ఉంచుకున్నాము. చదువు రాని యజమాని అయితే చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవచ్చు, కాని ఆయన కొడుకునో కూతురినో పక్కన ఉండమనడం మంచిది.

యజమాని ఏమనుకుంటారో అన్న మొగమాటము మన వాళ్ళకు ఎక్కువ. మాకూ ఉండేది. “మీ మీద నమ్మకము లేక కాదండీ, నా మతిమరుపు మీద నమ్మకము లేక” అంటే ఎవరూ నొచ్చుకోలేదు.

ఖాళీ ఇంట్లో, పగటి వెలుగులో

ఇక ఖాళీ చేసే సమయము. చాలామంది చేసే పొరపాటు లారీ ఎక్కించిన తరువాత యజమానిని పిలవడం. అప్పుడు ఇద్దరికీ తొందరే. మేము ఇప్పుడు రెండుసార్లు చూపిస్తాము. మొదటిది ఖాళీ చేయడానికి పది పదిహేను దినముల ముందు, సామాను ఉండగానే. “ఏమేమి సరిచేయాలో చెప్పండి” అని అడుగుతాము. కారే కుళాయికి వాషరు, ఊడిన గడియ, పగిలిన స్విచ్చు, ఇవి మనమే మనిషిని పిలిచి చేయిస్తే తక్కువలో అయిపోతాయి. అదే పని యజమాని తరువాత చేయించి అడ్వాన్సులో తగ్గిస్తే ఎక్కువే అవుతుంది. అది ఆయన తప్పు కూడా కాదు, ఒక్క కుళాయి కొరకు ప్లంబరు ఊరికే రాడు గదా.

రెండవది అసలైనది. సామానంతా బయటికి పోయి, ఇల్లు ఊడ్చి, కిటికీలన్నీ తెరిచి, తాళాలు ఇంకా మన చేతిలో ఉండగా చూడాలి. పగలు చూడాలి. బీరువా వెనక గోడ, మంచము కింద గచ్చు, అటక మీద మూల, ఇవి సామాను ఉండగా కనబడవు. దిగిన దినపు కాగితము చేత పట్టుకొని వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి, కుడిచేతి వైపుగా గది గదికి తిరిగితే ఏదీ తప్పిపోదు. ప్రతి స్విచ్చూ వేయాలి, ప్రతి కుళాయీ తిప్పాలి, ఫ్లష్ లాగాలి, సింకులో బిందెడు నీళ్ళు పోసి కిందికి పోతున్నవో లేదో చూడాలి, మోటారు ఒక నిమిషము నడిపించాలి. దిగినప్పటి మాట పక్కన ఇప్పటి మాట వ్రాయాలి. తేడా ఒప్పుకున్నచోట ఖర్చు ఎంతో అప్పుడే అనుకొని వ్రాసుకోవాలి. ఒప్పుకోనిచోట “దీనిమీద ఇద్దరికీ అభిప్రాయభేదము ఉన్నది” అని వ్రాసి సంతకము పెట్టినా తప్పులేదు. వ్రాయకుండా వదిలిన మాటే తరువాత పెరుగుతుంది.

ఫోటోలు ఇప్పుడు అందరి ఫోనులోను తీయవచ్చు. అయితే తీసే తీరు తెలియక నలభై ఫోటోలు తీసినా అక్కరకు వచ్చేది ఒక్కటీ ఉండదు. ముందు గుమ్మములో నిలబడి గది మొత్తము కనబడేలా ఒకటి, ఎదుటి మూలలో నిలబడి ఇంకొకటి తీయాలి. తరువాత పాడైన చోటు దగ్గరగా. దగ్గరగా తీసినప్పుడు పక్కన అగ్గిపెట్టె గాని స్కేలు గాని పెడితే పగులు ఎంత పొడవో తెలుస్తుంది. లేకపోతే జానెడు పగులు మూరెడుగా కనబడుతుంది. దిగినప్పుడు ఎక్కడ నిలబడి తీశామో అక్కడే నిలబడి తీస్తే రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపవచ్చు. కుళాయి కారడం, ఫ్యాను శబ్దము ఫోటోలో రావు, వాటికి చిన్న వీడియో. చివర మీటరు అంకెలు, తాళంచెవులన్నీ వరుసగా గచ్చు మీద పెట్టి ఒకటి.

ఆ దినమే యజమానికి వాట్సాప్ లో పంపండి. ఇద్దరి దగ్గరా అవే ఉంటాయి, ఎవరు ఎప్పుడు పంపారో తేదీ కూడా ఉంటుంది. అయితే వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది, తీసిన సమయపు వివరములు దానిలోనుండి పోతాయి. గనుక ఫోనులోని అసలు ఫోటోలు చెరపవద్దు. మాట కోర్టు వరకు వెళితే, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమములోని 63వ సెక్షను ప్రకారము అటువంటి ఫోటోలకు ఒక ధ్రువపత్రము జతపరచవలసి ఉంటుంది. సంతకములున్న కాగితము అంతకంటె సులువు. మా మాట వింటే కాగితమే ముందు, ఫోటో దానికి తోడు.

అరుగుదల ఏది, పాడుచేయడం ఏది

తగవులన్నీ ఇక్కడే వస్తాయి. నాలుగేండ్లు ఉన్న ఇంట్లో గోడ రంగు వెలిసిపోతుంది, తలుపు బందులు వదులవుతాయి, గచ్చు నడిచిన దారి వెంబడి నునుపు తేలుతుంది. ఇది కాపురము చేసిన గుర్తు. దీనికి అద్దె కట్టనే కట్టాము. కిటికీ అద్దము బంతి తగిలి పగలడం, తలుపుకు మేకులు దిగగొట్టడం, గోడ మీద పిల్లలు రంగు పెన్సిళ్ళతో బొమ్మలు వేయడం, ఇవి అరుగుదల కావు.

గోడ చెమ్మ విషయములో మాత్రము ఇద్దరూ తొందరపడకూడదు. మా డెల్టా ఊళ్ళలో నేలలోని చెమ్మ ఇటుకల గుండా పైకి ఎక్కుతుంది. నీటితోపాటు ఉప్పు కూడా ఎక్కి, నీరు ఆరిపోయిన తరువాత తెల్లని పొడిలాగ గోడ మీద పేరుకుంటుంది, పెచ్చులు ఊడతాయి. అది నేల దగ్గరనుండి మొదలై సుమారు మూడడుగుల ఎత్తు వరకు పట్టీలాగ కనబడితే ఇంటి కట్టుబడిలోని లోపము. అద్దెదారు చేసినది కాదు. పైకప్పు దగ్గర మరక వానాకాలము పెరిగి వేసవిలో ఆరిపోతే శ్లాబు కారుచున్నది. ఒక కుళాయి చుట్టూ మాత్రమే చెమ్మ ఉంటే లోపలి పైపు చూడాలి. గాలి ఆడకుండా బీరువా గోడకు ఆనించిన చోట మాత్రమే నల్లగా బూజు పట్టి ఉంటే, లేదా పొయ్యి వెనక జిడ్డు పేరుకొని ఉంటే, అది మన వాడకమే. తుడిచి, కడిగి అప్పగించడం మర్యాద. ఫ్యాన్లు పోయిన ఆ సహోదరి ఇంటి బాత్రూము తలుపు కూడా మేము తరువాత తీరికగా చూశాము. చౌకట అడుగున కూడా చెమ్మ పట్టి ఉన్నది. ఆ విషయములో ఆ కుటుంబము చెప్పినదే నిజమనుకుంటాము.

సున్నము, రంగుల ఖర్చు ఎవరిది అన్నది ఇంకొక గొడవ. పట్టణములలో ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకని పట్టుకోవడం చాలాచోట్ల ఉన్నది. 2021 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టములో దీనిని గురించి ఒక పట్టిక ఉన్నది. ఒప్పందములో వేరుగా లేకపోతే, గోడల వెల్ల, తలుపులు కిటికీల రంగు, పైపులు మార్చడం, లోపలి బయటి వైరింగు, కట్టుబడి మరమ్మతులు యజమానివి. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, గడియలు, కిటికీ అద్దములు, దోమల జాలీలు, కాలువ శుభ్రము అద్దెదారువి. నివాస గృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, ఇల్లు అప్పగించినప్పుడే తగ్గింపులు పోగా మిగిలినది తిరిగి ఇవ్వాలని కూడా దానిలో ఉన్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రము చట్టముగా చేసుకున్నచోటనే వర్తిస్తుంది. అయినా ఇద్దరు కూర్చొని మాట్లాడుకొనేటప్పుడు ఆ పట్టిక మంచి ఆధారము. దిగేటప్పుడే “రంగుల ఖర్చు ఎవరిది” అని ఒక వాక్యము వ్రాసుకుంటే ఆ పట్టికతో కూడా పని ఉండదు.

కరెంటు సంగతి మరువవద్దు. బిల్లు సర్వీసు నంబరు మీద వస్తుంది గాని మనిషి మీద రాదు. బాకీ ఉంటే ఆ ఇంటికే కరెంటు తీస్తారు. ఖాళీ చేసిన దినపు రీడింగు వ్రాసి, అప్పటివరకు అయిన యూనిట్లకు లెక్కకట్టి ఇచ్చి, అంతవరకు ముట్టినదని వ్రాయించుకోవాలి. లేకపోతే తరువాత దిగినవారు వాడినది కూడా మన అడ్వాన్సులోనుండి పోతుంది.

యజమాని ఊళ్ళో లేకపోతే ఏమి చేయాలి? తాళాలు పక్కింట్లో పడేసి వెళ్ళవద్దు. ఆయన తరపున ఎవరు తీసుకుంటారో ముందే పేరు అడిగి, మెసేజి పెట్టించుకొని, వారితో కలిసి ఇల్లు చూసి, తాళాలు ముట్టినట్లు సంతకము తీసుకోవాలి. కొందరు యజమానులు శుక్రవారము, మంగళవారము తాళాలు తీసుకోరు. వారి పట్టింపు వారిది, వాదించి ప్రయోజనము లేదు. కాని ఆ రెండు దినములకు అద్దె ఎవరు కట్టాలన్న మాట ముందే తేల్చుకోండి. మాకు ఒకసారి శుక్రవారము తప్పి శనివారము అయింది, శనివారము ఒకటవ తేదీ అయింది, ఒకటవ తేదీ గనుక నెల అద్దె అన్నారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎంత చెప్పినా అడ్వాన్సు ఇవ్వకపోతే, లేక అద్దెదారు ఇల్లు పాడుచేసి పోతే, ముందు లెక్కంతా కాగితము మీద పెట్టి స్పీడు పోస్టులో పంపండి. బాకీ వసూలుకు దావా వేయడానికి 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టములో మూడేండ్ల గడువు ఉన్నది గాని, కొద్ది వేల కొరకు దావా వేసి తిరగడం పేదవారికి సాధ్యము కాదు. మండల న్యాయసేవా కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే, దావా వేయకముందే లోక్ అదాలతులో ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీ సివిలు కోర్టు తీర్పుతో సమానము, దానిమీద అప్పీలు లేదు. అక్కడ కూడా మొదట అడిగేది “మీ దగ్గర ఏముంది?” అనే.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు విదేశములలో గదులు తీసుకొని చదువుకుంటున్నారు. ఇంగ్లండులో, చాలా అద్దె ఒప్పందములలో, యజమాని తీసుకున్న అడ్వాన్సును ప్రభుత్వము ఆమోదించిన పథకములో 30 దినములలోగా నమోదు చేయాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఇల్లు ఖాళీ అయిన 21 దినములలో తగ్గింపుల లెక్క ఇవ్వాలి. 2025 ఏప్రిల్ నుండి, తగ్గింపు చేయదలచిన మరమ్మతులకు ముందూ తరువాతా ఫోటోలు తీయడం యజమాని మీదనే పెట్టారు. పిల్లలు ఫోను చేసినప్పుడు, అన్నము తిన్నావా అని అడిగిన తరువాత, గది ఫోటోలు తీశావా అని కూడా అడగండి.

ఆ కడప బండ

పోయిన సంవత్సరము మా అమ్మాయి పాత ఫోటోలు సర్దుతూ ఒకటి పట్టుకొని వచ్చింది. 2012లో మేష్టారి ఇంట్లో మేము దిగిన దినము తీసినది. సంఘములోని సహోదరీలు అన్నము, పప్పు, చేపల పులుసు తెచ్చి వంటగట్టు మీద పెట్టి వడ్డిస్తున్నారు. గిన్నెల మధ్య బండ నల్లగా, నున్నగా, ఈ చివరనుండి ఆ చివరకు కనబడుతున్నది. పగులు లేదు.

మేము ఫోటో వంకే చూస్తున్నాము. మా ఇంటావిడ “అదేమిటి?” అన్నది. అప్పుడు అమ్మాయి మెల్లగా, “అది తమ్ముడు కొబ్బరికాయ రోకలితో కొట్టినప్పుడు పగిలింది కదా నాన్నా. మీరు కూడికకు వెళ్ళారు. అమ్మ తిడుతుందని మేము పళ్ళెము అడ్డము పెట్టాము” అన్నది. ఆ పళ్ళెము తరువాత ఎప్పుడో తీశాము, పగులు చూశాము, ముందునుండీ ఉన్నదే అనుకున్నాము. అనుకున్నది గుర్తుగా మారింది. మేష్టారి ఎదుట నిలబడి, మేమిద్దరము నిబ్బరముగా ఆ గుర్తునే సాక్ష్యముగా చెప్పాము. మా మాట మీద గౌరవము కొద్దీ ఆయన తన మాటను వెనుకకు తీసుకున్నారు. పాస్టరు కాక మరొకరు చెప్పి ఉంటే ఆయన తొమ్మిది వేలూ ఇచ్చేవారో లేదో.

ఆ సాయంత్రమే ఫోను చేశాము. మేష్టారికి ఇప్పుడు కొంచెము వినికిడి తగ్గింది, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. విని నవ్వారు.

“ఆ బండ ఎప్పుడో మార్పించేశానండీ అయ్యగారూ. మేస్త్రీ కూలితో కలిపి పన్నెండు వందలు అయింది.”

“పంపుతాము మేష్టారూ.”

“పంపండి. వద్దని అనను” అన్నారు. తరువాత కొంచెము ఆగి, “ఇప్పుడున్నవాళ్ళ చేత మాత్రము దిగినరోజే అంతా వ్రాయించానండీ. మీరు ఖాళీ చేసిన తరువాతే నాకు ఆ ఆలోచన వచ్చింది” అన్నారు.